మా మామ మోటారు బోటు బేరం

ఇంజనీరింగు పట్టా చేతికొచ్చిన కొత్తలో మనిషికి లోకంలో ఏ వస్తువూ సరిగ్గా బిగించినట్టు కనిపించదు. ఆ రోజుల్లో నేనూ అలాగే ఉండేదాన్ని. ఫ్యాను కిర్రుమంటే ఇంట్లోవాళ్ళ తెలివితక్కువతనం, కుక్కరు కూయకపోతే దేశం దౌర్భాగ్యం. దోణిమలై గనుల దగ్గర ఒక చిన్న కాంట్రాక్టు ఆఫీసులో ట్రైనీగా చేరాను. తలమీద పసుపుపచ్చ హెల్మెట్టు, మెడలో గుర్తింపు కార్డు, ముఖంలో ఎవర్నీ లెక్కచేయని చిరునవ్వు. (చేసే పని మాత్రం పంపుల దగ్గరికెళ్ళి నూనె ఎంతుందో చూసి రావడం. అది కూడా ఎవరైనా గుర్తుచేస్తే.) ఆదివారం వస్తే బళ్ళారి బజారు వెనక మేనమామ ఇంట్లో దిగి, వాళ్ళు పెట్టింది తిని, వాళ్ళనే చిన్నచూపు చూసి, సాయంత్రం బస్సెక్కేదాన్ని. అంత హాయైన కాలం మళ్ళీ రాలేదు.

మా మామ బట్టల వ్యాపారి. ఏ వస్తువు నాణ్యమైనా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి తేల్చేవాడు. చీర అంచు సరే, ఉప్మా రవ్వనూ, పెళ్ళి శుభలేఖలనూ అలాగే నలిపేవాడు. నా పట్టాను కూడా నలిపి, "కాగితం బాగుండాది" అన్నాడు. పెళ్ళైన కొత్తలో అత్తకు సముద్రం చూపిస్తానని మాటిచ్చాడట. పెళ్ళిళ్ళ సీజను, ఉగాది, దసరా, కొత్త స్టాకు, పాత స్టాకు అంటూ కొట్టు మూయడం ఎప్పటికీ కుదరలేదు. పిల్లలు పెద్దయ్యారు, అత్త మోకాలికి ఆపరేషనైంది, సముద్రం మాత్రం ఉన్నచోటే ఉంది. ఆపరేషను తర్వాత ఒకరోజు అత్త, "సముద్రం వద్దులెండి. ఏదో ఒక నీళ్ళ మీద, కొట్టు ఫోను రాని తావున, ఒక పూట కూర్చోబెట్టండి చాలు" అంది. కోపంగా అని ఉంటే మామ పట్టించుకునేవాడు కాదు. ఉప్పందుకోమన్నంత మామూలుగా అంది. అది ఆయనకు గుచ్చుకుంది.

ఆ ఆదివారం నేను అన్నం ముందు కూర్చున్నానో లేదో, మామ ప్రకటించాడు. "బోటు కొంటాండా. మోటారు బోటు. సెకండ్ హ్యాండ్."

"యాడ నడుపుతావు మామా? మన వీధి కొళాయిలోనా?" అన్నాను. (ఆ కొళాయిలో నీళ్ళు ఎప్పుడొస్తాయో వదిలేవాడికి కూడా తెలియదు.)

"నవ్వద్దు. తారానగర్ డ్యాముండాది. పిల్లోళ్ళను తిప్పొచ్చు, చేపలు పట్టొచ్చు, మీ అత్తకు గాలి తగుల్తాది."

"చేపలా! ఏకాదశి నాడు ఉల్లిగడ్డ పేరెత్తితేనే లెంపలేసుకునే ఇల్లు మనది. పట్టి ఏం చేస్తావు?"

"పట్టి మళ్ళా వదిలేస్తా. ఫారిన్‌లో అట్లే చేస్తారంట. వీడియోలో చూసినా." (ఆ వీడియోలో చేప అభిప్రాయం అడగలేదనుకుంటాను.)

అత్త మజ్జిగ పోస్తూ, "బాడుగకు ఒక తెప్ప మాట్లాడితే పోదా?" అంది. మామకు అది నచ్చలేదు. "బాడుగది సాయంత్రానికి అయిపోతాది. సొంతానిదైతే ఉంటాది. అయినా మన ఇంజనీరమ్మ ఉండాది కదా, ఇంజను తను చూస్తాది" అన్నాడు. నేను నా బతుకులో దగ్గరగా చూసిన ఇంజను ఒక్కటే. కాలేజీ ల్యాబులో సగానికి కోసి, ఎరుపూ పచ్చా రంగులేసి, గాజుపెట్టెలో ఉంచినది. అయినా ఆ మాట చెప్పే అవసరం ఉందని నాకు తోచలేదు.

మొదటి బోటు కంటోన్మెంట్‌లో ఉంది. పాత బంగళా, వేపచెట్టు, చెట్టు కింద రెండు ఇటుక దిమ్మెల మీద బోటు, బోటులో ఒక కోడి, దాని పిల్లలు. యజమాని రిటైరైన పెద్దమనిషి. తెల్లటి మీసం, ఇస్త్రీ నిక్కరు, చేతిలో కర్ర. మేం బోటు చూడ్డానికి వెళ్ళామనుకున్నాం, ఆయన మమ్మల్ని చూడ్డానికి పిలిచాడు. వరండాలో వరసగా నిలబెట్టి, "సముద్రం చూశారా?" అని అడిగాడు.

"టీవీలో చూసినాం సార్," అన్నాడు మామ.

ఆయన కళ్ళు మూసుకుని బాధపడ్డాడు. "దీన్ని బోటు అనకండి. షి ఈజ్ ఎ లేడీ. ఆమెను గౌరవంగా చూసుకునేవాళ్ళకే ఇస్తాను."

మామ గౌరవంగానే వెళ్ళి, ఆ లేడీ సీటును రెండు వేళ్ళతో నలిపి, "రెక్సిను డూప్లికేటు" అన్నాడు. నేను ఒక పక్కనుంచి ఫైబరు పగుల్లో చెయ్యి పెడితే అవతలి పక్కనున్న మామతో కరచాలనం చేయగలిగాను. ఆ విషయం పైకి చెప్పాను కూడా. ఆ తర్వాత పెద్దమనిషి మమ్మల్ని గేటు దాకా సాగనంపిన తీరు గౌరవంగా లేదు. కోడి మాత్రం సంతోషించినట్టుంది.

రెండోది దోణిమలైలోనే, నా ఆఫీసుకు కూతవేటు దూరంలో. "పేరులోనే దోణి ఉండాది. కన్నడంలో పడవ. శుభశకునం" అని మామ దారంతా మురిసిపోయాడు. బోటు అమ్మేవాడు వెల్డింగు షాపతను. ఇనుప రేకులన్నీ అతికించి, లారీ బంపరొకటి ముందు తగిలించి, ఒక వస్తువు తయారుచేసి రోడ్డుపక్కన నిలబెట్టాడు. ఎర్రదుమ్ము పేరుకుని అది పడవలా కాక, కొండలోంచి అప్పుడే తవ్వి తీసినట్టుంది.

"ఇది తేలుతుందా?" అని అడిగాను.

"ఇంతవరకూ మునగలేదక్కా," అన్నాడు.

"నీళ్ళలో ఎప్పుడు వేశారు?"

"ఇంకా వేయలేదు."

మామ బంపరును నలపబోయి వేలు కోసుకున్నాడు. అంతటితో శుభశకునం ముగిసింది.

మూడోది తారానగర్ డ్యాము ఒడ్డునే, ఏకంగా నీళ్ళలోనే ఉంది. వానలు బాగా పడి డ్యాము నిండిన కాలం, చుట్టూ సండూరు కొండలు పచ్చగా ఉన్నాయి. బోటుకు తాజాగా నీలం రంగు వేశారు. ఎంత తాజాగా అంటే చెయ్యి వేస్తే చెయ్యి నీలమైంది. అమ్మేవాడు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, వాటిలో తన ముఖం తనే చూసుకోలేనందుకు బాధపడేవాడిలా ఉన్నాడు. మేం ఆయనకు కళ్ళద్దాలాయన అని పేరు పెట్టేశాం. "బర్రీ శెట్రే, బర్రీ! ఏనూ భయ బేడ, భయమే వద్దు. ఫస్ట్ క్లాస్ మాలు. ఒక్క లాగుడుకు స్టార్ట్ అయితాది చూడండి" అన్నాడు. నిజంగానే తాడు ఒక్కసారి లాగగానే ఇంజను అందుకుంది. నేను ఇంజను మూత మీద చెయ్యి పెట్టి చూశాను, వేడిగా ఉంది.

"మామా, మనం రాకముందే దీన్ని తిప్పి పెట్టాడు. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అవుతుందో లేదో ఎవరికి తెలుసు?" అన్నాను.

"ఒళ్ళు వేడిగుంటే ప్రాణముండాదని కదమ్మా అర్థం," అన్నాడు మామ. అప్పటికే ఆయన మనసు నీలమైపోయింది.

ఈసారి అత్త కూడా వెంట వచ్చింది, చేతిలో స్టీలు క్యారియరు, అందులో చిత్రాన్నం. అందరం లైఫ్ జాకెట్లు తొడుక్కున్నాం. (మామది పిల్లలది. బొత్తాము పడలేదు.) బోటు కదిలింది. నీళ్ళు చీలుస్తూ, మోత మోగిస్తూ డ్యాము నడుమకు వెళ్ళాక, ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఆగిన మరుక్షణమే, ఇంతసేపూ మోతలో వినపడని ఇంకో చప్పుడు విన్నాం. కాళ్ళ కింద గుడగుడమని నీళ్ళొస్తున్నాయి. నీలం రంగు కింద అతికించిన మాసిక ఊడిపోయింది.

"చూడప్పా," అన్నాడు మామ, భయపడాల్సిన సమయంలో, "పాదాలు తడిసినాయి. రేటు తగ్గాల."

"శెట్రే, ముందు నీళ్ళు తోడండి! బేరం ఒడ్డుకు పోయినాక!"

"ఒడ్డుకు పోతే నువ్వు రేటు పెంచుతావప్పా. ఈడే తేల్చు. ఇదో, చీలమండ దాటింది. ఇంకొంచెం తగ్గు."

కళ్ళద్దాలాయన క్యారియరులోని ఖాళీ గిన్నెతో నీళ్ళు తోడి పోస్తున్నాడు (సగం నా తలమీదే), తోడిన ప్రతి గిన్నెకీ మామ ఒక మెట్టు దింపుతున్నాడు. మాలో ఎవరికీ ఈత రాదు. నేను గట్టు ఎంత దూరముందో చూశాను. నా భయం ఎవరికీ కనపడకుండా, బరువు నడుమకు చేరాలనీ, నీటి ఒత్తిడి ఇంతనీ ఉపన్యాసం మొదలుపెట్టాను. అత్త మాత్రం తన కొంగు చుట్టి రంధ్రంలో కుక్కబోయింది. మామ ఆ కొంగును వేళ్ళ మధ్య నలిపి, "వద్దు. పాలిస్టరు. నీళ్ళు తాగదు" అన్నాడు. తర్వాత నా చున్నీ నలిపాడు. ఆయన ముఖం వెలిగింది. "ఖరా కాటను! నీళ్ళు తాగి ఉబ్బుతాది. తియ్యి!" మొదటి జీతంతో కొనుక్కున్న చున్నీ అది. రంధ్రంలో కుక్కగానే నిజంగానే ఉబ్బి బిగుసుకుంది, నీళ్ళు ఆగిపోయాయి. ఇన్నాళ్ళూ నేను వెక్కిరించిన ఆ రెండు వేళ్ళే నన్ను కాపాడాయన్న సంగతి నాకు అస్సలు నచ్చలేదు.

ఇక నా విద్య చూపించే వంతొచ్చింది. ఇంజను మూత తీసి, స్పార్కు ప్లగ్గు విప్పి, తుడిచి, పట్టుకోమని మామకిచ్చాను. మామకు ఏదైనా ఇచ్చాక ఏం జరుగుతుందో నాకు తెలిసి ఉండాల్సింది. నలిపాడు. అది ఇనుమూ పింగాణీ, పైగా నూనె. జారి డ్యాములో పడింది, ఒక చిన్న బుడగ వేసి మాయమైంది. సరిగ్గా అప్పుడే నా చూపు పెట్రోలు ట్యాంకు మూత మీద పడింది. గాలి వెళ్ళే మర బిగించేసి ఉంది. తిప్పితే ఉస్సుమంది. "ఇదీ! ఇదీ సంగతి! గాలి ఆడక పెట్రోలు దిగలేదు! ప్లగ్గు తప్పేం లేదు!" అని గెలిచినట్టు అరిచాను.

"శభాష్," అన్నాడు కళ్ళద్దాలాయన, మొదటిసారి కళ్ళద్దాలు తీసి. "ఇప్పుడు స్టార్ట్ చెయ్యక్కా."

నలుగురం ప్లగ్గు పడిన చోటుకేసి చూశాం.

దూరంగా చేపలు పట్టే పుట్టిలో, అదే గుండ్రటి బుట్టపడవలో, ఒకాయన కనిపిస్తే చేతులూపాం. వల తీసి వస్తానని ఆయనా చెయ్యూపాడు. ఇక చేయగలిగింది ఏమీ లేదు. ఇంజను మోత లేదు, ఫోనుకు సిగ్నలు లేదు, బేరం కూడా అలసిపోయింది. కొండ మీదినుంచి గాలి వస్తోంది. మామ అత్త ఆపరేషను కాలును మెల్లగా ఎత్తి, తడవకుండా తన ఒళ్ళో పెట్టుకున్నాడు. అత్త రెండో గిన్నెలోని చిత్రాన్నం మూతలో వేసి ఆయనకిచ్చింది. వాళ్ళిద్దరూ అలా కొట్టు మాటెత్తకుండా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. చూడకూడని దానిలా అనిపించి కొండలకేసి తిరిగాను. ఏదైనా వెటకారం ఆడదామని వెతికాను. దొరకలేదు.

పుట్టి ఆయన తాడు కట్టి మమ్మల్ని ఒడ్డుకు లాక్కొచ్చాడు. కళ్ళద్దాలాయన ఇక బేరం పోయిందని బోటు వైపు బెంగగా చూస్తుంటే, అత్త అంది: "ఈ బోటే తీసుకోండి. ఇంజను మాత్రం ఆయనకే వదిలేయండి."

"మోటారు లేని మోటారు బోటా అక్కా?"

"ఆ మోత నాకొద్దప్పా. ఆగినాకే బాగుండాది."

అలా మా మామ బోటు కొన్నాడు. అడుగు బాగుచేయించి, తెడ్లు పెట్టించి, నెలకో ఆదివారం కొట్టు మూసి తారానగర్ తీసుకెళ్తున్నాడు. చేపలు పట్టే పథకంలో ఇంతవరకు ఒక్కటే చిక్కింది. దానికి క్షమాపణ చెప్పి, గాలం విప్పడం చేతగాక పుట్టి ఆయన్ను పిలిచి విప్పించి, వదిలేశాడట.

నేనిప్పుడు ఇంకో ఊళ్ళో మెయింటెనెన్సు చూస్తున్నాను. కోసి రంగులేయని ఇంజన్లను చాలానే విప్పాను, వాటిలో కొన్ని తిరిగి నడిచాయి కూడా. అప్పుడప్పుడు పంపు ముందు కూర్చుని చేతులు తుడుచుకుంటుంటే ఒకప్పుడు నేనైన ఆ పిల్ల కళ్ళముందు నిలుస్తుంది. జుట్టంతా తడిసి, చేతులు నీలంగా, పిక్కల్లోతు నీళ్ళలో నిలబడి, ఎవరూ వినకపోయినా నీటి ఒత్తిడి గురించి చెప్తూ. ఇప్పుడు ఎదురైతే దానితో వాదించను. ఒక తువ్వాలిచ్చి, "తల తుడుచుకోవే, జలుబు చేస్తుంది" అంటాను. అది నా తువ్వాలు కాటనా, పాలిస్టరా అని పెదవి విరుస్తుంది. విరవనీ.