ఎలుకలు ముట్టని కిరీటం

నా చిన్నప్పుడు చేసిన ఒక తప్పుడు పనిని ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. మా వారికి చెప్పలేదు, కన్న పిల్లలకూ చెప్పలేదు. మొన్న మా మునిమనవరాలు బడి నాటకం కోసం అట్టముక్కతో కిరీటం చేసుకుంటూ, "తాతమ్మా, కాస్త జిగురు పూసిపెట్టవా" అంది. సీసా చేతిలోకి తీసుకున్నానే గానీ నా చెయ్యి కదల్లేదు. ఎనభై ఏళ్ళ కిందటి సంగతి అది. కడుపులో దాచుకున్నది అక్కడే ఉంటుంది కాబోలు, ఎక్కడికీ పోదు.

మాది గురజాల దగ్గర చిన్న పల్లె. మా ప్రహరీ గోడకు అవతల ఒక సాయిబు తాత ఉండేవాడు. ఇత్తడి గిన్నెలకు కళాయి పూయడం ఆయన వృత్తి. తెల్లవారకముందే తిత్తి భుజాన వేసుకుని చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి, మధ్యాహ్నానికి ఇల్లు చేరేవాడు. భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. అన్నం తిన్న దగ్గర్నుంచి పొద్దుగూకేదాకా ఆయనకు ఒకటే పిచ్చి. నాటకాల వాళ్ళు పెట్టుకునే కిరీటాలు, భుజకీర్తులు, కత్తులు, గదలు అరుగు మీద కూర్చుని తయారుచేసేవాడు. చెయ్యమని అడిగినవాళ్ళు లేరు, కొనేవాళ్ళూ లేరు. వయసులో ఉండగా నరసరావుపేటలో ఒక నాటకం చూశాడట. అందులో రాజు పెట్టుకున్న కిరీటం కళ్ళకు కట్టినట్టు ఉండిపోయిందట. అచ్చం అలాంటిది తన చేత్తో చెయ్యాలని పట్టుదల. ఎండిన సొరకాయ బుర్ర ఆయన చేతిలో గద అయ్యేది. కర్ర కత్తికి పల్చటి రేకు తొడిగితే నిజం కత్తి అనుకుని కుక్కలు కూడా దూరం జరిగేవి. ఊరంతా "పనిలేక పిల్లి తల గొరిగినట్టు" అని నవ్వేది.

మా నాన్న మాత్రం నవ్వేవాడు కాదు. మిరప తోట వేసేవాడు, గొంతెత్తి పద్యం పాడితే తోటలో కూలీలు చేతులు ఆపి వినేవాళ్ళు. నవమి పందిట్లో ఏటా వేసే నాటకంలో స్వామి వేషం ఆయనదే. కిరీటం, నగలు నరసరావుపేట నుంచి అద్దెకు వచ్చేవి. ఆ కిరీటం ఎందరి నెత్తి మీది చెమట తాగిందో, మా అమ్మ దాన్ని ముక్కు మూసుకుని పట్టుకునేది. ఆ ఏడు నాన్న అడ్డం తిరిగాడు. "ఇంత పనోడు మన గోడ పక్కన ఉంటే, పేట నుంచి తెచ్చుకునే ఖర్మ మనకేంది?" అన్నాడు. పందిరి, దీపాలు, నాటకం అన్నీ ఊరి మోతుబరి చేతి మీద జరిగేవి. ఆయన చాలాసేపు నసిగి, నాన్న వేషం వెయ్యనని మొండికేస్తే, సరే కానివ్వమన్నాడు. ఆ మాట చెప్పడానికి నాన్న గోడ దగ్గరకు వెళితే, సాయిబు తాత గోడ మీదుగా ఆయన రెండు చేతులూ పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అన్నేళ్ళ పిచ్చిలో మొదటిసారి ఆయన చేసిన కిరీటం ఒక తల మీద కూర్చోబోతోంది.

అవి యుద్ధం రోజులు. గుడ్డ దొరికేది కాదు, కాగితం అంతకన్నా కరువు. అమ్మ నాన్న పాత పంచె ఒకటి ఇచ్చింది. తాత వెదురు బద్దలు వంచి చట్రం కట్టాడు. పంచెను ముక్కలుగా కత్తిరించాడు. నేనేమో ఊళ్ళో ప్రతి ఇంటి గుమ్మం తొక్కి పగిలిన గాజు ముక్కలు ఏరుకొచ్చాను. ఎర్రవి, పచ్చవి, ఒక దోసెడు. నాకు తొమ్మిదేళ్ళు. మహారాజుకు మంత్రినైనట్టు తిరిగేదాన్ని.

ఇక జిగురు. చింతగింజలు వేయించి, నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, గంజిలా కాచేవాళ్ళం. దించాక అందులో మైలుతుత్తం పొడి కలపాలి. నెమలి మెడ రంగులో ఉండే విషపు రాయి అది. "చింతగింజంటే ఎలకకు పాయసం బేటీ. ఈ మందు పడితేనే ముట్టదు. కలిపినాక చేతులు కడుక్కో, నోట్లో పెట్టుకున్నావంటే చచ్చూరుకుంటావ్" అని తాత ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

నవమి ఇంకా అయిదు రోజులుందనగా ఆయన కారంపూడిలో పెళ్ళివారి గిన్నెలకు కళాయి పూయడానికి వెళ్ళాల్సి వచ్చింది. పొద్దున్నే పొడి పొట్లం నా చేతిలో పెట్టి, "జిగురు కాచి ఉంచు. పొడి మొత్తం కలుపు. సాయంత్రం వచ్చి గుడ్డంతా అంటిస్తా" అన్నాడు. అంత నమ్మకం ఆ వయసులో నా మీద ఇంకెవరికీ లేదు, మా అమ్మకైతే అసలే లేదు.

నాకు ఒక గుడ్డబొమ్మ ఉండేది. దానికి నీలం చీర కట్టాలని ఎన్నాళ్ళుగానో ఆశ. నా పరికిణీకే మూడు అతుకులుంటే బొమ్మకు నీలం చీర ఎవరిస్తారు? పొట్లం విప్పి చూస్తే ఆ రంగు. కొబ్బరిచిప్పలో నీళ్ళు పోసి ఒక చిటికెడు వేశాను. పంచె ముక్క ముంచాను. లేత నీలం వచ్చింది. ఇంకొంచెం వేస్తే ఇంకా బాగుంటుందనుకున్నాను. కొంచెమన్నా జిగురుకు మిగుల్చుదామనే అనుకున్నాను, ఒట్టు. ఆ కొంచెం కూడా చివరికి చిప్పలోకే పోయింది. ముక్క ఆరగానే బొమ్మకు చీరలా చుట్టాను.

సాయంత్రం తాత వచ్చి, "మందు కలిపావా?" అన్నాడు. కలిపానన్నాను. ఆయన నా వేళ్ళు చూశాడు. వేళ్ళ కొనలు నీలంగా ఉన్నాయి. ఇంకేం కావాలి, నవ్వి నా తల నిమిరి, గుడ్డముక్కలు ముంచి అంటించడం మొదలుపెట్టాడు. దొంగతనం చేసిన చేతులే నాకు సాక్ష్యం చెప్పిపెట్టాయి.

రెండు రోజులు ఎండబెట్టి, పైన తగరపు కాగితం అంటించి, గాజు ముక్కలు పొదిగాడు. నాన్న పెట్టుకుని చూశాడు. మా అమ్మ చేతిలో చేట కింద పెట్టేసి, తనకు తెలియకుండానే దణ్ణం పెట్టింది. తాత కండువాతో కళ్ళు ఒత్తుకుంటూ నిలబడ్డాడు. నేను మందు సంగతే మరిచిపోయాను. గుర్తొచ్చినా, ఎలుకలు మా ఊళ్ళో లేవేమో అనుకున్నాను. పిల్లల ధైర్యం అలాగే ఉంటుంది.

నవమికి ముందురోజు పొద్దున గోడ అవతల జనం గొంతులు వినబడి, నిద్రకళ్ళతో బొమ్మను చంకన పెట్టుకుని పరుగెత్తాను. కిరీటం పెట్టిన గంప తీసి ఉంది. అందులో వెదురు బద్దలు మిగిలాయి. గుడ్డ పీలికలైపోయింది, తగరపు కాగితం గంప నిండా పొట్టులా రాలింది. తాత నేల మీద కూర్చుని గాజు ముక్కలు ఒక్కొక్కటే ఏరి ఒళ్ళో వేసుకుంటున్నాడు.

మోతుబరి వచ్చి చూశాడు. "నేను ముందే చెప్పలా? ఎలక ఊరికే వస్తదా? సాయిబు చేతి కిరీటం స్వామికి ఇష్టం లేదు, అంతే" అన్నాడు. పక్కనున్న వాళ్ళు అవునవునని తలలూపారు. మొన్నటిదాకా గాజు ముక్కలు ఇచ్చినవాళ్ళే. నాన్న గంప పక్కనే నిలబడి ఉన్నాడు.

అప్పుడు తాత తలెత్తాడు. జనం కాళ్ళ సందుల్లోంచి నన్ను చూశాడు, నా చంకలో బొమ్మను చూశాడు. ఆ నీలం చీర మీద ఆయన చూపు కాసేపు ఆగింది. ఇప్పుడు చెప్పేస్తాడు, నాన్న నా వీపు చీరేస్తాడు అనుకున్నాను. ఆయన చూపు దించుకుని, "మధ్యలో దేవుణ్ణెందుకు లాగుతారు దొరా? ఆయన కోపమేం లేదు. జిగురులో మందు కలపటం మర్చిపోయినా. ముసలోణ్ణి గదా" అన్నాడు.

నాన్న తట్టుకోలేకపోయాడు. "ఏందయ్యా నువ్వు! ఊరందరితో తగువు పెట్టుకుని నిన్ను నిలబెడితే, చిటికెడు మందు కలపటం మర్చిపోతావా?" అని గట్టిగా అరిచి వెళ్ళిపోయాడు. తాతను నాన్న అంత మాట అనడం నేను ఎన్నడూ వినలేదు. "నేనే" అనడానికి ఎంతసేపు పడుతుంది? ఆ ఒక్క మాట నా నోట రాలేదు.

బొగ్గుతో నడిచే బస్సులో పేటకు మనిషిని పంపి అద్దె కిరీటం తెప్పించారు. నాటకంలో నాన్న గొంతు ఎప్పటిలా పలకలేదు. తాత పందిట్లో అందరికన్నా వెనక, గుంజకు ఆనుకుని కూర్చుని చివరిదాకా చూశాడు. నా పానకం పక్క పిల్లకు ఇచ్చేశాను. మర్నాడు భయమేసి బొమ్మ చీర ఉతికేశాను. ఒక్క ఉతుక్కే నీలం పోయి మళ్ళీ పాత పంచె ముక్క అయింది. దానికోసమా నేను అంత పని చేసింది!

రెండు రోజుల తర్వాత తాత గోడ మీదుగా పిలిచాడు. "బేటీ, జిగురు కాయాల, రా." ఏమీ జరగనట్టే. కొత్త పొట్లం నా చేతికిచ్చి, "నువ్వే కలుపు" అన్నాడు. నేను కలుపుతుంటే ఎదురుగా కూర్చున్నాడు. అడగలేదు, తిట్టలేదు. అలా దాదాపు నెల రోజులు, రోజూ మధ్యాహ్నం కొంచెం కొంచెంగా ఇంకో కిరీటం చేశాం. ఒకసారి నేను నోరు తెరిచాను. ఆయన చేతిలో పని ఆపి, "చెప్పు బేటీ" అన్నాడు. నేను, "జిగురు చిక్కబడింది తాతా" అన్నాను. ఆయన కాసేపు నా ముఖంలోకి చూసి, "సరే, దించు" అన్నాడు.

కొత్త కిరీటం మొదటిదానికన్నా బాగా వచ్చింది. కానీ మరుసటి ఏడు నవమికి ఎవరూ దాని ఊసు ఎత్తలేదు. నాన్నకూ ఆయనకూ మాటల్లేవు. ఎదురుపడితే నాన్న తల తిప్పుకునేవాడు. తాత దాన్ని గుడ్డలో చుట్టి దూలానికి వేలాడదీశాడు. నాలుగేళ్ళు అక్కడే ఉంది. ఎలుకలు దాన్ని ముట్టలేదు. మనుషులూ ముట్టలేదు.

తాత పోయినప్పుడు నాన్న వెళ్ళి పాడెకు భుజం పట్టాడు. తిరిగొచ్చాక ఆ ఇంట్లో సామాను సర్దుతూ కిరీటం దించి, గుడ్డ విప్పాడు. గాజు ముక్కలను వేలితో చాలాసేపు నిమిరాడు. "ఎంత పనోడే! ఒక్క మందు మర్చిపోయాడు గానీ" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. పదమూడేళ్ళ దాన్ని, అన్నీ తెలిసిన దాన్ని. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పి ఉంటే నాన్న ఆ సమాధి దగ్గరికి వెళ్ళి రెండు మాటలు మాట్లాడుకుని ఉండేవాడు. నేను వెళ్ళి దీపం బుడ్డి తుడుస్తూ కూర్చున్నాను.

పిల్లల్ని కన్నాక గానీ నాకు అర్థం కాలేదు. ఆ నెల రోజులూ తాత కిరీటం కోసం కూర్చోలేదు. నేను చెబుతానేమోనని కూర్చున్నాడు. అందుకే ఏ పిల్ల అయినా నా దగ్గరకొచ్చి ఏమీ అడక్కుండా గుమ్మం పట్టుకుని నిలబడితే, పొయ్యి మీద ఏమున్నా దించేసి ఎదురుగా కూర్చుంటాను. ఆయన దగ్గర నేర్చుకున్నది అదొక్కటే. చెప్పడం మాత్రం నేర్చుకోలేకపోయాను.

మొన్న మునిమనవరాలికి ఇదంతా చెప్పాను. అది అట్ట కిరీటం పక్కన పెట్టి, "మరి నువ్వెందుకు చెప్పలేదు తాతమ్మా?" అంది. దాని కిరీటానికి జిగురు పూసి ఇచ్చి, లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుని పైకే అన్నాను, వినేవాళ్ళు ఎవరూ లేకపోయినా. మర్చిపోయింది తాత కాదు నాన్నా. మందు కలపంది నేను.