ఖాళీగా మిగిలిన లెక్కల పీరియడు

నిన్న సాయంత్రం విజయనగరం నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. ఆరో తరగతి చదివే మనవరాలిని లెక్కలకు మాత్రం ఏడో తరగతిలో కూర్చోబెడతామని బడివాళ్లు అన్నారట. "ఏటి సెయ్యమంటావమ్మా? రేపటికల్లా సెప్పాల" అంది. అప్పట్నుంచీ నాకు ఒకచోట కాలు నిలవడం లేదు. స్టవ్ మీద పెట్టిన టీ మాడిపోయింది. ఆ దారిలో నేనూ ఒకసారి నడిచినదాన్నే.

నా చిన్నప్పుడు పాతపట్నంలో మా మేనత్త హైస్కూలు లెక్కల టీచరు. ఉండేది మా ఇంట్లోనే. కొంగుకు సుద్దపొడి, బుగ్గలో లవంగం. నేను ఏడో తరగతిలో ఉండగా, ఆమె బోర్డు మీద లెక్క పూర్తిగా రాయకముందే జవాబు చెప్పేసేదాన్ని. మిగతా పిల్లలు పెన్సిళ్లు కింద పెట్టేసేవారు. హెడ్మాస్టరుగారు నన్ను లెక్కలకు ఎనిమిదిలోకి పంపమన్నారు. నాన్న పొంగిపోయాడు. "ఆ పెద్దగుంటల్లో దీనికి తోడెవులు?" అని, పెద్దపిల్లల మధ్య ఒంటరినైపోతానని అమ్మ నసిగింది. అత్త ఎటూ తేల్చుకోలేక, చివరికి నన్నే అడిగింది: "ఎల్తావేటే?"

"ఎల్తాను. ఇక్కడ నాకు నిద్రొస్తంది."

అది తన క్లాసు కదా, కాస్త గుచ్చుకున్నట్టుంది. మర్నాడే పంపేసింది.

అమ్మ భయపడినట్టేమీ జరగలేదు. పెద్దపిల్లలు జామకాయలు పెట్టి నాచేత హోంవర్కు చేయించుకునేవారు. తొమ్మిదిలో ఉండగానే పదో తరగతి లెక్కలు అయిపోయాయి. చిక్కంతా పదిలో వచ్చింది. ఆ బడిలో నాకు చెప్పడానికి లెక్కలే మిగల్లేదు. అందరూ లోపల లెక్కలు చేస్తుంటే నేను వరండాలో కూర్చుని మేకల్ని చూసేదాన్ని. మొదట్లో దర్జాగానే ఉండేది. తర్వాత ఒంటిమీద చీమలు పాకినట్టయ్యేది. ఒకరోజు చిన్న భిన్నాల లెక్క తప్పు చేసి, వచ్చిన లెక్కలు కూడా మరిచిపోతున్నానేమోనని భయంతో ఏడ్చేశాను.

అత్త చూసింది. ఎవరినో అడిగి ఇంటర్ లెక్కల పుస్తకం తెచ్చి, సాయంత్రం నా పక్కన చతికిలబడింది. "నాకూ రాదే గుంటా. ఇద్దరం కలిసి సూద్దాం" అంది. అత్తకు రాని లెక్క ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఒకే పాఠం దగ్గర రోజుల తరబడి చిక్కుకున్నాం, పోట్లాడుకున్నాం. "ఆగవే, నాకు అందట్లేదు" అనేది. లెక్కల్లో ఒక మనిషి కోసం ఆగడం నాకు అదే మొదలు. తీరా ఆ ముడి ముందు విప్పింది ఆమే. ఆనందంతో ఆమె పెట్టిన కేకకు అమ్మ వంటింట్లోంచి గరిటెతో పరిగెత్తుకొచ్చింది.

ఈ పొద్దున అమ్మాయికి చెప్పాను: "పిల్లకి ఇష్టమైతే పంపు. కానీ బడిలో లెక్కలు అయిపోయినాక దానికి ఎవులు సెప్తారో ముందు అడుగు."

"అది నానడగలేదమ్మా" అంది. నాకింకా మనసు కుదుటపడలేదు. దాటేశామనుకున్న ఏడాది ఎక్కడికీ పోదు. ముందెక్కడో ఖాళీగా కూర్చుని మనకోసం ఎదురుచూస్తుంటుంది.