పరామర్శకు పెట్టిన గొంతు

ఫంక్షన్ హాళ్లలో మైకు పట్టుకుని యాంకరింగ్ చేయడం నా పని. ఓసారి నిర్మల్ నుంచి కరీంనగర్ వస్తుంటే, స్నేహితుడి తండ్రి చనిపోయాడని మెసేజ్ వచ్చింది. బస్సులోంచే వాడికి ఫోన్ చేసి ధైర్యం చెప్పాను.

ఫోన్ పెట్టేయగానే, పక్క సీట్లో పచ్చిమిర్చి సంచితో కూర్చున్న ముసలామె నవ్వుతూ అడిగింది.

"ఎవలి పెండ్లి బేటా?"

"పెండ్లి కాదమ్మా. మా దోస్తు బాపు పోయిండు."

ఆమె నవ్వు ఆగిపోయింది. "యా అల్లా! సావు కబురుకు గిట్ల మాట్లాడ్తరా? పెండ్లిల ఎవలకో ఇనాం ఇస్తున్నవనుకున్న. ఛీ!" అంటూ సంచి తీసుకుని ముందు సీట్లోకి వెళ్లిపోయింది.

నాకు ఒళ్లు మండింది. ఆమెదే తప్పని తేల్చుకుందామని, ఫోన్‌లో దానంతటదే రికార్డయిన ఆ కాల్ పెట్టుకుని విన్నాను.

"ధైర్యంగా ఉండాలీ... మేమందరం ఉన్నామూ..."

ప్రతి మాట చివరా సాగదీత. చప్పట్ల కోసం ఆగినట్టు ఆగడం. వాడు రెండుసార్లు ఏదో చెప్పబోయాడు. రెండుసార్లూ నా గొంతే వాడి మాటను తొక్కేసింది. సగంలోనే ఆపేశాను. నోరు పుక్కిలించి ఉమ్మేయాలనిపించింది.

కోరుట్లలో ఆమె నావైపు చూడకుండానే దిగిపోయింది.

మళ్లీ వాడికి ఫోన్ కలిపాను. గొంతు అలవాటుగా పైకి లేవబోయింది. దాన్ని దించి, మెల్లగా అడిగాను.

"ఆఖరికి బాపు ఏమన్న మాట్లాడిండారా?"

వాడు చెప్పడం మొదలుపెట్టాడు. కరీంనగర్ వచ్చేదాకా నేను "ఊ" తప్ప మరో మాట అనలేదు.