మంచులో ఆగిన బాపు గడియారం

సరిహద్దు పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. ట్రక్కు దించిన చోటి నుంచి నాలుగు గంటల నడక. లడఖ్‌లో అది ఎంత ఎత్తో అంకెల్లో చెపితే మీకు తలకెక్కదు. ఇలా చెపుతాను. బూటు లేసు కట్టుకోవడానికి వంగితే, ఆ తర్వాత కాసేపు కూర్చుని ఊపిరి కూడగట్టుకోవాలి. చైనా యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, చలికాలం మొదలు. చెట్టు లేదు, పిట్ట లేదు. రాయి, మంచు, గాలి. ఇక్కడ సుల్తానాబాద్‌లో కార్తీకం రాగానే చెవులకు మఫ్లర్ చుట్టుకుని "ఏం చలి సార్" అంటారే, మీ మీద నాకు కోపం లేదు. నవ్వొస్తుంది, అంతే.

బంకర్ అంటే ఇసుక మూటల గోడ, పైన రేకులు, లోపల ఒక కిరోసిన్ పొయ్యి. ఆ పొయ్యి పక్కన వైర్‌లెస్ సెట్టు ముందు ఒకడు కూర్చుని ఉన్నాడు. నా ట్రంకు పెట్టె మీది ఊరి పేరు చదివి తెలుగులో అడిగాడు.

"లక్సెట్టిపేటనా నీది?"

"ఆ పక్కనే, పల్లె."

"అయితే గోదారి నీళ్లు తాగినోడివే. రా తమ్మీ, జర పొయ్యికాడ కూసో."

అతనిది బెల్లంపల్లి. వాళ్ళ నాన్న బొగ్గుబాయిలో పనిచేసేవాడు. పోస్టులో అందరూ అతన్ని బెల్లంపల్లి అనే పిలిచేవారు. ఆ రోజు నుంచి నా పేరు కూడా పోయింది. నేను లక్సెట్టిపేట. నాదీ వైర్‌లెస్ పనే. అతను బంకర్‌లో పెద్ద సెట్టు చూసేవాడు, గస్తీకి పోయేటప్పుడు వీపున చిన్న సెట్టు మోసేవాణ్ణి నేను.

రెండో రోజు హవల్దారు కన్ను నా చేతి గడియారం మీద పడింది. గఢ్వాల్ కొండల మనిషి, మీసాలు నెరిశాయి, హిందీ తప్ప మరో మాట రాదు. నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్నవాణ్ణి కనుక నాకు ఇబ్బంది లేదు.

"ఎవరి ఇల్లు దోచావురా?" అన్నాడు.

గడియారాన్ని కెప్టెన్ సాబ్ దాకా తీసుకుపోయాడు. సాబ్ అటూ ఇటూ తిప్పి చూశాడు. స్విట్జర్లాండ్‌లో మంచుకొండలు ఎక్కేవాళ్ళ కోసం చేసిన రకమట. నీళ్ళలో మునిగినా, రాయికి గుద్దుకున్నా నడుస్తుందట. "నా చేతికే లేదు ఇలాంటిది" అని తిరిగి ఇచ్చాడు. ఇక పోస్టంతా ఒకటే ఆటపట్టించడం. నేను నీళ్ళ కోసం మంచు కరగబెడుతుంటే బెల్లంపల్లి అరిచేవాడు, "దొరవారు గిన్నె తోముతుండ్రు, అందరు లేచి నిలబడుండ్రి."

అది మా బాపుది, అంటే మా నాన్నది. బాపు బండి తోలేవాడు. నా చిన్నప్పుడు, బెల్లంపల్లి గనుల్లో పనిచేసిన ఒక ఇంగ్లీషు ఇంజనీరు సామాను సర్దుకుని దేశం విడిచి పోతున్నాడు. గోదావరి ఒడ్డున ఆయన జీపు బురదలో దిగబడింది. లోపల భార్యకు ఒళ్ళు తెలియని జ్వరం. బాపు ఆమెను బండిలో పడుకోబెట్టి, ఎద్దులను అదిలించి ఆస్పత్రికి చేర్చాడు. ఆ దొర చేతి గడియారం విప్పి బాపు చేతిలో పెట్టాడు. బాపుకు టైము చూడడం రాదు. దాన్ని మిషిని అనేవాడు, ఒక్కనాడూ పెట్టుకోలేదు. దసరాకు మాత్రం బయటికి తీసేవాడు. ఆ రోజు మా ఇంట్లో పనిముట్లన్నీ శుభ్రం చేసి, నూనె రాసి, కుంకుమ పెట్టి వరుసగా పేరుస్తారు. నాగలి, గొడ్డలి, కొడవలి, బండి ఇరుసు. ఆ వరుసలో చివరిది ఈ మిషిని. నేను పటాలానికి పోయేనాడు మంచిర్యాల స్టేషన్‌లో తనే నా చేతికి కట్టాడు.

"కొండలెక్కినదట గిది. నిన్ను సుత ఎక్కిచ్చి దించుతది," అన్నాడు.

జనవరిలో గస్తీకి ఆర్డరు వచ్చింది. ఐదుగురం. ఎదుటి కొండ వీపు దాకా పోయి, చూసి, చీకటి పడకముందే రావాలి. చలికి బ్యాటరీలు చచ్చిపోతాయి కనుక సెట్టు ఎప్పుడూ తెరిచి ఉంచకూడదు. గంట గంటకూ ఐదు నిమిషాలు తెరవాలి. ఆర్డర్లు, వాతావరణం కబుర్లు అన్నీ ఆ ఐదు నిమిషాల్లోనే. హవల్దారు గడియారం అద్దం పగిలి మూలన పడింది. కాబట్టి ఐదుగురికీ టైము నా చేతి మీదే. కనబడుతూ ఉండాలని కోటు చేయి పైనుంచి కట్టుకున్నాను.

ఆరింటికి బయలుదేరాం. మబ్బు. సూర్యుడు ఎటు ఉన్నాడో తెలియదు. పదకొండింటికి బెల్లంపల్లితో హిందీలో మాట్లాడాను.

"సబ్ ఠీక్?"

"సబ్ ఠీక్."

మళ్ళీ నడక. మోకాలి లోతు మంచు. కొంతసేపటికి హవల్దారు టైము అడిగితే పదకొండు ఇరవై అన్నాను. చాలాసేపు ఎక్కాం. మళ్ళీ అడిగాడు. చూశాను. పదకొండు ఇరవై. చెవికి ఆనించాను. చప్పుడు లేదు.

ఆగిపోయిందని చెప్పాను. హవల్దారు గడియారం విప్పించుకున్నాడు. కోటు, స్వెటరు, చొక్కా పైకి లాగి ఆ చల్లటి ఇనుమును తన కడుపుకు ఆనించుకున్నాడు. ముఖం వంకర పోయింది. "సెట్టు తెరువు" అన్నాడు.

తెరవగానే బెల్లంపల్లి గొంతు. తెలుగులో. సెట్టులో సొంత భాష వాడకూడదని రూలు.

"లక్సెట్టిపేటా, పలుకు. లక్సెట్టిపేటా, పలుకు తమ్మీ."

"అన్నా, నేనే. టైమెంత?"

"ఒంటిగంట దాటింది. పన్నెండుకే ఆర్డరొచ్చింది, తుఫాను వస్తుంది, వాపస్ రమ్మని. గప్పటిసంది ఒర్రుతున్న. ఉన్నపళంగ దిగుండ్రి."

"గంటసేపు తెరిచే ఉంచినవా? బ్యాటరీ ఏమైతది?"

"బ్యాటరీ ఫికర్ నాకిడిసిపెట్టు. దిగు."

సగం దారిలో తుఫాను పట్టుకుంది. మాకు కరువైంది ఆ ఒక్క గంటే. నడుములకు తాడు కట్టుకుని దిగాం. ముందు హవల్దారు మంచు తొక్కి దారి చేస్తున్నాడు. ముందు నడిచేవాడి బూట్లే ఎక్కువ తడుస్తాయి. మార్చుకుందాం అంటే వినలేదు. బంకర్ తలుపు తీసి బెల్లంపల్లి ఒక్కొక్కరినీ చేయి పట్టి లోపలికి లాగి లెక్కపెట్టాడు. ఐదో మనిషి లోపలికొచ్చాక కింద కూలబడి ఏడ్చాడు. హవల్దారు కుడికాలి రెండు వేళ్ళు నల్లబడ్డాయి.

ఆయనను కింద ఆస్పత్రికి చేర్చే పని నాకు పడింది. అక్కడ వర్క్‌షాపులో ఒక మెకానిక్ గడియారం విప్పాడు. చలిలో నూనె గడ్డకట్టి చక్రాలు పట్టేశాయన్నాడు. "కానీ ఇది గడియారాల్లో వేసే నూనె కాదు. కీ ఇచ్చే పుల్ల దగ్గరి రబ్బరు ఎండిపోయింది. ఎవరో ఆ సందులోంచి ఏళ్ళ తరబడి పోస్తూ వచ్చారు. ఏమిటిది?" అని నా ముక్కు దగ్గర పెట్టాడు.

ఆముదం. మా బండి ఇరుసు వాసన. దసరానాడు మా వాకిలి వాసన. నాకు కోపం రావాలి. రాలేదు. ఇల్లు గుర్తొచ్చింది. మెకానిక్ దాన్ని కడిగి, సరైన నూనె వేసి నడిపించి ఇచ్చాడు.

హవల్దారు మంచం దగ్గర కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అప్పటికే ఆయన రెండు వేళ్ళూ తీసేశారు. కప్పుకేసి చూస్తూ విన్నాడు. తర్వాత నవ్వాడు.

"మా అమ్మ నా బూట్లకు నెయ్యి రాసి పంపేది. ఎలుకలు తిన్నాయి. వాళ్ళకేం తెలుసురా? మీ నాన్నకు ఈ సంగతి చెప్పకు. ఇది ఆర్డర్."

మరుసటి దసరాకు ఇంటికి వచ్చాను. వాకిట్లో పనిముట్లు వరుసగా ఉన్నాయి, చివర ఖాళీ వదిలి ఉంది. బాపు నా కాళ్ళు చూశాడు, చేతులు చూశాడు, అప్పుడు గడియారం చూశాడు.

"మంచిగ నడిసిందా బిడ్డా?"

"నడిసింది బాపు."

"ఎప్పుడన్న ఆగిందా?"

అబద్ధం ఆడడం నాకు రాదు. "ఒక్కపూట. సలికి. మళ్ళ నడిసింది," అన్నాను.

బాపు ముఖం చిన్నబోయింది. ఇరుసు మీద చేయి వేశాడు.

"తప్పు నాదే కొడుకా. నువ్వు పోయేముందు ఒక్క బొట్టే ఏసిన. గంత సలి ఉంటదని ఎరుకలే. ఇంకో బొట్టేస్తే ఆగకపోవు."

నిజం నోటి దాకా వచ్చింది. హవల్దారు కాలు కళ్ళ ముందు మెదిలింది. ఆయన ఆర్డరూ గుర్తొచ్చింది. గడియారం విప్పి, కీ బయటికి లాగి, అరచేతిలో పెట్టుకుని బాపు ముందు చాపాను.

మంచు చాలా చూశాను. అదంతా మసకబారింది. బాపు చీపురు పుల్లను ఆముదంలో ముంచి, చేయి వణకకుండా ఊపిరి బిగబట్టి వేసిన ఆ రెండు బొట్లు మాత్రం ఇంకా కనబడుతూనే ఉన్నాయి.