తొండం లేని ఏనుగు

మా బావ సిటీ బస్సు డ్రైవరు. ఈ మాట కొత్తవాళ్ళు ఓ పట్టాన నమ్మరు. గొంతెత్తి మాట్లాడడం ఎరగని మనిషి, హారన్ కూడా మొహమాటపడుతూ కొడతాడు. అక్కని చేసుకున్నప్పటి నుంచీ అదే డిపో, అదే ఉద్యోగం. బస్సు ఆఖరి స్టాపులో ఆగిందంటే చాలు, జేబులోంచి పెన్సిలు ముక్క తీసి, దొరికిన కాగితం మీద పాత కథలకి బొమ్మలు గీస్తూ కూర్చుంటాడు. "రోజంతా అద్దంలో మనుషుల్ని చూసి చూసి విసుగొస్తుంది మరదలా, కాసేపు రాక్షసుల్ని చూడనీ" అంటాడు.

నాది బొమ్మలకీ ఫోటోలకీ ఫ్రేములు కట్టే దుకాణం. దాని వెనక గదిలో, రంపపు పొట్టు మధ్య, వారానికోసారి మేం నలుగురం చేరతాం. బావ, నేను, రిటైరైన లెక్కల మాస్టారు, వీధి చివర పళ్ళ డాక్టరమ్మ. అందరికీ తెలిసిన పాత కథ ఒకటి ముందే అనుకుంటాం. ఎవరి బొమ్మ వాళ్ళు వేసుకొచ్చి తాడుకి క్లిప్పులతో తగిలిస్తాం. సంతకం ఉండకూడదు. అందరూ తమ మాట చెప్పేదాకా బొమ్మ వేసినవాళ్ళు నోరు విప్పకూడదు. మొదట్లో ఎవరి బొమ్మని వాళ్ళు వెనకేసుకొచ్చి కొట్టుకునేదాకా వెళ్ళడంతో మాస్టారు పెట్టిన నియమం ఇది. ఎవరి గీత ఎవరిదో చూడగానే తెలిసిపోతుంది, అయినా ఎవరిదో పరాయివాళ్ళ బొమ్మ అయినట్టే మాట్లాడతాం.

నా నోరు మంచిది కాదని పేరు. మాస్టారిది దానికి పూర్తిగా వ్యతిరేకం. ఆయనకి ఏ బొమ్మలో ఏం కనిపిస్తుందో దేవుడికే తెలియాలి. ఈమధ్య బావ బొమ్మల్లో ఎడమ పక్క ఖాళీ మొదలైంది. ముందు నాలుగు వేళ్ళంత, తర్వాత ఇంకాస్త, ఆ తర్వాత ఇంకాస్త. ఆ ఖాళీ ముందు మాస్టారు కళ్ళు మూసుకుని "శూన్యం! చెప్పకుండా వదిలిన మాట!" అని ఊగిపోయేవారు. డాక్టరమ్మ తలూపేది. బావ సిగ్గుపడి నేల చూసేవాడు. ఒకసారి ఇంటికి వెళుతూ నన్ను మెల్లగా అడిగాడు, "మాస్టారు శూన్యం శూన్యం అంటారే, ఏంటది?"

"ఆయన బుర్రలో ఉండేది బావా," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

మొన్నటి వారం కథ, పట్టపుటేనుగు గొలుసు తెంచుకుని అంగడి మీద పడ్డ కథ. బావ బొమ్మ చూసి నేను నోరు వెళ్ళబెట్టాను. కాగితం కుడి సగంలో ఏనుగు వెనక కాళ్ళు, తోక, కొంత వీపు. చర్మం మీద ముడతలతో సహా ఎంత బాగా గీశాడో! అక్కడితో సరి. తల లేదు, తొండం లేదు, అంగడి లేదు, పారిపోయే జనం అసలే లేరు.

మాస్టారు లేచి నిలబడ్డారు. "తొండం లేని ఏనుగు! భయాన్ని మన ఊహకి వదిలేశాడు మహానుభావుడు!"

నాకు ఒళ్ళు మండింది. "ఊహా లేదు, గీహా లేదు. ఇది వేసినాయనకి బద్ధకం. సగం కాగితం ఖాళీగా వదిలేసి మన మొహాన కొట్టాడు. ఇంత చక్కగా తోక గీసినవాడికి తొండం గియ్యడానికి చేతులు రాలేదా?"

నియమం పుట్టాక మొదటిసారి బావ మధ్యలో నోరు విప్పాడు. "తొండం లేకపోవడమేంటి? ఉందిగా. సగం ఖాళీ ఏంటి? కాగితం నిండా ఉంటే!"

వేళాకోళం అనుకుని నవ్వబోయాను. బావ మొహంలో నవ్వు లేదు. నా మాటకి నిజంగా నొచ్చుకున్నాడు.

ఫ్రేములు కట్టేవాళ్ళకి ఓ అలవాటుంది. బొమ్మ బరువు ఏ పక్కకి ఒరిగిందో తేల్చుకోవాలంటే తలకిందులు చేసి చూస్తాం. క్లిప్పు తీసి బొమ్మని తలకిందులుగా తిప్పి బావ కళ్ళ ముందు పెట్టాను. ఖాళీ సగం ఇప్పుడు కుడి పక్కకి వచ్చింది. "ఇప్పుడు చెప్పు."

బావ చూశాడు. ఖాళీ కాగితాన్ని వేలితో తడిమాడు. "ఎవరు చెరిపారు?" అన్నాడు. "ఇదంతా ఎవరు చెరిపేశారు మరదలా?"

డాక్టరమ్మ గబగబా వచ్చి, బావ ముక్కుకి ఎదురుగా నిలబడి, "అన్నయ్యగారూ, నన్నే చూడండి" అని రెండు చేతులూ చాపి వేళ్ళు ఆడించింది. "ఎన్ని చేతులు కదులుతున్నాయి?"

"ఒకటేగా," అన్నాడు బావ.

అప్పుడు అన్నీ ఒక్కసారిగా నా మీద విరుచుకుపడ్డాయి. కంచంలో ఓ పక్కే తిని రెండో పక్క ముట్టుకోవడం లేదని, తన వంట మీద అలిగాడని అక్క ఏడవడం. బస్సు ఎడమ పక్కంతా గీతలు పడుతున్నాయని డిపోలో చీవాట్లు. స్టాపులో నిలబడ్డవాళ్ళు చేతులూపినా ఆపకుండా వెళ్ళిపోతున్నాడని ఫిర్యాదులు. పరధ్యానం, బొమ్మలేసేవాడు కదా అని అందరం ఎగతాళి చేశాం. ఆ మనిషి ఎడమ చేతి వైపు లోకమే లేకుండా, నిండు బస్సు తోలుతున్నాడు. మేమిక్కడ కూర్చుని దాన్ని శూన్యం అని మెచ్చుకున్నాం!

"ఎడమ పక్కది ఏదీ ఈయనకి తెలియడం లేదు. కంటి జబ్బు కాదిది, తలలోది అయ్యుండొచ్చు," అంది డాక్టరమ్మ. "కారు తెస్తాను. ఇప్పుడే పెద్దాసుపత్రికి వెళ్ళాలి," అంటూ బయటికి పరుగెత్తింది.

బావ వింటున్నట్టు లేదు. "రేపు పొద్దున మొదటి బండి నాదే," అన్నాడు తనలో తాను. "బడిపిల్లలు ఎక్కే బండి. వాళ్ళు నిలబడేది ఎడమ పక్కనే."

ఆయన చెయ్యి జేబులోని ఫోను మీదికి వెళ్ళింది. మాస్టారు పట్టుకుని ఆపారు. "డ్రైవరుగారూ, తొందరపడకండి. డిపోలో తెలిస్తే ఉద్యోగం తీసేస్తారు. రేపటికి జ్వరమని చెప్పండి. పరీక్షలయ్యాక చూద్దాం."

సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకూ ఆ మాటే నచ్చింది. అక్క గుర్తొచ్చింది. "అవును బావా, జ్వరమని చెప్పు," అన్నాను.

బావ చెయ్యి విడిపించుకుని ఫోను చేశాడు. డ్యూటీలు వేసే అతని గొంతు నాకూ మాస్టారికీ వినిపిస్తోంది.

"రేపు నా బండి ఇంకొకరికి వెయ్యి," అన్నాడు బావ.

"ఏం గురూ, జ్వరమా?"

"కాదు. నాకు రోడ్డు సగమే కనిపిస్తోంది."

అవతల పెద్ద నవ్వు. "సగం చాల్లే గురూ! మిగతా సగం ఎదురొచ్చేవాడిది!"

"నవ్వకు," అన్నాడు బావ. ఆయన అంత గట్టిగా మాట్లాడగా నేనెన్నడూ వినలేదు. "రేపే కాదు, ఇంకెప్పుడూ వెయ్యొద్దు. ఎల్లుండి నేనొచ్చి బాగానే ఉన్నానని బతిమాలినా తాళాలివ్వకు. బాగానే ఉన్నాననే అనుకుంటున్నా ఇన్నాళ్ళూ, తెలిసిందా? ఇప్పుడు కూడా నాకు బాగానే ఉంది."

అవతల నవ్వు ఆగిపోయింది.

బావ ఫోను బల్ల మీద పెట్టి స్టూలు మీద కూలబడ్డాడు. వీధిలో డాక్టరమ్మ కారు హారన్ మోగింది. నేను పక్కకి వెళ్ళి, లేపుదామని వంగాను. బావ తల కుడి పక్కకి తిప్పాడు. అక్కడ మాస్టారున్నారు. ఆయన వెనక వెతికాడు, తలుపు వైపు చూశాడు.

"మరదలు పిల్ల ఏదండీ? వాళ్ళక్కకి ఎలా చెప్పాలో దాన్ని అడగాలి. ఇప్పటిదాకా ఇక్కడే ఉంది కదా, నా మీద కోపమొచ్చి వెళ్ళిపోయిందా?" అని అడిగాడు మాస్టారిని.

నేను ఎడమ పక్క, ఆయన భుజానికి ఆనుకుని నిలబడి ఉన్నాను.