తప్పించుకున్న ఈగ

ప్రయోగశాలలో చదువుకునే పిల్లలంతా ఆమెను ఈగలత్త అంటారు. పండ్ల మీద ముసిరే చిన్న ఈగలను సీసాల్లో తరం తర్వాత తరం సాకడం ఆమె పని. ఏ మంత్రసానీ ఇన్ని పురుళ్ళు పోసి ఉండదని మొగుడి వేళాకోళం.

వాటిలో ఒక రకమంటే ఆమెకు ప్రాణం. చక్కెర మేత, చప్పటి మేత పక్కపక్కన పెడితే మామూలు ఈగ చక్కెర తిని, గుడ్లు మాత్రం చప్పటిదాంట్లో పెడుతుంది. ఈ రకం తల్లులు చక్కెరలోనే పెడతాయి. జన్యువుల్లో ఏదో చిన్న తేడా. అదేమిటో పట్టుకోవాలని ప్రయోగశాల నడిపే మేడం ఏళ్ల తరబడి తల బద్దలు కొట్టుకుంటోంది. ఈ రకం మరెక్కడా లేదు. పైగా నీరసపు జాతి. మామూలు ఈగ ఒక్కటి చొరబడిందా, రెండు మూడు తరాల్లో సీసా అంతా దాని సంతానమే.

అందుకే అక్కడొక నియమం: సీసా మారుస్తుండగా ఎగిరిపోయిన ఈగ దొరికినా వెనక్కి వేయకూడదు, చంపేయాలి. కిందటి నెల ఒకటి ఎగిరింది, వెంటనే దొరికింది కూడా. గుడ్లతో ఉబ్బిన దాని పొట్ట చూసి ఈగలత్తకు చంపడానికి చేతులు రాలేదు. మనదే కదా అని సీసాలో వేసేసింది. మనదో, బయటి మామూలు ఈగో ఎవరు చూశారు?

అప్పటినుంచి ఆమెకు కంటి మీద కునుకు లేదు. కూరలో ఉప్పు రెండుసార్లు పడుతోంది. "ఏమైందే నీకు?" అని మొగుడు అడిగితే కసిరింది. మేడం గది దాకా వెళ్లడం, "ఏంటమ్మా?" అనగానే "ఏం లేదండీ" అని వెనక్కి రావడం. నోరు తెరిస్తే నాలుగు తిట్లతో పోయేదానికి ఇంత పిరికితనమా!

చివరికి రకం చెడలేదని సరిచూసే పరీక్ష రోజు వచ్చింది. పళ్ళెం భూతద్దం కింద పెట్టింది. చక్కెర వైపు నున్నగా ఉంది. చప్పటి వైపు గుడ్లు సన్నటి నూకల్లా పరుచుకుని ఉన్నాయి. మిగతా పళ్ళేలూ అంతే. ఆమె నేరుగా మేడం గదిలోకి వెళ్లింది.

"మేడం, తప్పు నాదేనండీ," అని జరిగిందంతా చెప్పేసింది.

మేడం వచ్చి పళ్ళేలన్నీ చూసింది. "ఆ తేడా వీటి లోపల దాక్కుని ఉంటే మనవరాళ్ళలో బయటపడొచ్చు. ఒక్కోదాన్నీ విడిగా పెట్టి వెతుకుదాం. దొరక్కపోతే ఇక పోయినట్టే."

"నన్ను తిట్టండి మేడం."

"తిట్టి ఏం లాభం? మర్నాడే చెప్పుంటే మన రకం పాత తల్లుల్ని ఏరి వేరే సీసాలో పెట్టేవాళ్ళం కదమ్మా. అప్పటికవి బతికే ఉన్నాయి."