నాగవేణక్కకు గట్టిగా చదివి వినిపించిన ఎర్రర్లు

బెంగుళూరులో ఉడకబెట్టిన శనక్కాయలకు ఉప్పు సరిగ్గా వెయ్యరు. ఈ నగరం మీద నాకున్న ఫిర్యాదు ఇదొక్కటే. ట్రాఫిక్ సంగతి చూసుకోవడానికి వేరేవాళ్లున్నారు. నిన్న సాయంత్రం ఆఫీసు బయట బండి మీది ఆవిరి వాసన తగలగానే హిందూపురంలో నాగవేణక్క కంప్యూటర్ సెంటరు గుర్తొచ్చింది. కింద శనక్కాయల బండి, పక్కన పట్టుగూళ్ల మార్కెట్టు, మేడ మీద మేము. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. కాలేజీలకు కంప్యూటర్ ల్యాబులు అమర్చడం మా పని. బీఎస్సీ పాసైన నేను అక్కడ ఇంజనీరుని. ఆ మాట పలికినప్పుడల్లా అక్క కొంచెం నవ్వేది.

ఆమె దగ్గర ఒక పద్ధతి ఉండేది. "నెట్ రాలేదక్కా" అంటే వినేది కాదు.

"రాలేదని నువ్వు చెప్తాండావు. అదేం చెప్తాండాది? చదువు."

నిలబడి, తెర మీది ఎర్రర్‌ను మొదటి నుంచి చివరి దాకా, కింది గూళ్ల వేలం కంటే గట్టిగా చదవాలి. ఒకసారి లైనక్స్‌లో నెట్‌వర్క్‌కు దారి, అంటే రూటు, చేర్చబోతే 'ఫైల్ ఎగ్జిస్ట్స్' అంది. నేను ఫైలు ఊసే ఎత్తలేదని మొత్తుకున్నాను.

"లోపలుండి మిషన్ను నడిపే కెర్నల్ ఒక నంబరే ఇస్తాదప్పా. మనం నడిపే టూలు ఆ నంబరుకు పట్టికలో ఏ మాటుంటే అది చూపిస్తాది. పదిహేడంటే ముందే ఉండాదని. ఆ దారి ఇంతకుముందే ఎవరన్నా వేసినారేమో చూడు."

వేశారు. పొద్దున నేనే.

ఇంత నేర్చుకుని, పెనుకొండలో ఒక కాలేజీకి సర్వర్ పెట్టినప్పుడు, ఎర్రర్లు చూస్తే వాళ్లు బెదిరిపోతారని అన్నిటినీ కనబడకుండా చేశాను. సర్వర్ మొదలైనప్పుడల్లా నడిచే స్క్రిప్టు చివర 'అంతా బాగుంది' అని వచ్చేలా రాశాను. ఏం జరిగినా ఆ మాట వచ్చేది.

ఇన్‌స్పెక్షన్ రోజు పొద్దున్నే కరెంటు పోయి వచ్చింది. సర్వర్ 'అంతా బాగుంది' అంది. ఏ కంప్యూటర్లోనూ ఇంటర్నెట్ లేదు. తనిఖీవాళ్లు ధర్మవరంలో కారెక్కేశారు. ల్యాబు నచ్చకపోతే కాలేజీకి కంప్యూటర్ కోర్సు ఉండదని, నాకు ఉద్యోగం ఉండదని ప్రిన్సిపాల్ రెండుసార్లు వివరించారు. నేను కేబుళ్లు పీకి పెడుతుండగా అక్క బస్సు దిగి వచ్చింది.

"ఏం చెప్తాండాది?"

"అంతా బాగుందంటోందక్కా."

"అది రాసిందెవరు?"

నేను కేబుల్ వైపు చూశాను. ఆమె నా దాపరికం తీసేసి స్క్రిప్టు మళ్లీ నడిపింది. 'నెట్‌వర్క్ ఈజ్ అన్‌రీచబుల్' అని గట్టిగా చదివాను. బయటి నెట్‌కు దారి చూపే గేట్‌వే అడ్రసును మొదటి రోజు చేత్తో సరిగ్గానే కొట్టి, స్క్రిప్టులో ఒక అంకె తప్పు రాశాను. కరెంటు పోయేదాకా చేత్తో కొట్టిందే పనిచేసింది, సర్వర్ మళ్లీ మొదలయ్యాక స్క్రిప్టులోదే మిగిలింది. కెర్నల్ ఆ సంగతి టూలుకు చెప్పింది, టూలు నాకు చెప్పబోయింది. నేనే దాని నోరు మూశాను.

అంకె దిద్దాక నెట్ వచ్చింది, తర్వాత తనిఖీవాళ్లు వచ్చారు, చూసి సంతకాలు పెట్టి వెళ్లారు. "ఇంతకూ ఏమైంది?" అన్నారు ప్రిన్సిపాల్. మా జిల్లాలో ఆ రోజుల్లో అన్నిటికీ 'ఓల్టేజీ సార్' అనే జవాబు చెల్లేది. అక్క కిటికీలోంచి బయటికి చూస్తోంది. అడ్రసు తప్పు రాశానని, ఎర్రర్లు దాచానని చెప్పేశాను.

ఇప్పటికీ నేను రాసే ప్రోగ్రాములు ఏదీ దాచవు. మీటింగుల్లో నేనూ దాచను. ప్రమోషన్లు కొంచెం నిదానంగా వచ్చాయి.

ఆ రోజు ప్రిన్సిపాల్ మాత్రం అక్క వైపు తిరిగారు. "ఏం మేడం, ఇట్ల తప్పు చేసేవాణ్ణి ఇంకోసారి పంపిస్తారా మా కాలేజీకి?"

"చేసి చెప్పనోణ్ణి పంపాల్నా సార్?" అంది అక్క.